ఇంగ్లిష్ టీచర్‌గా విదేశం వెళ్లాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఇంగ్లిష్ చెప్పడానికి విదేశం వెళ్లాలనుకునేవాళ్లలో చాలామంది ముందుగా ఉద్యోగ ప్రకటనలు తెరిచి కూర్చుంటారు. జీతం బాగుంది, ఊరు బాగుంది, అప్లై చేసేస్తారు. ఇంటర్వ్యూ కూడా అయిపోతుంది. ఆ తర్వాత స్కూలువాళ్లు డిగ్రీకి అపోస్టిల్ (అది అసలైనదని వేరే దేశం ఒప్పుకునేలా వేసే ముద్ర) చేయించి పంపమంటారు, పోలీస్ క్లియరెన్స్ అడుగుతారు. అసలు పరుగు అప్పుడు మొదలవుతుంది. యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ చేతికి రావడానికే నెల పడితే, ఈలోపు ఆ పోస్టులో ఇంకొకరు చేరిపోతారు.

నా లెక్కలో ఉద్యోగం వెతకడం ఐదో పని. దానికి ముందు నాలుగున్నాయి. కొన్ని కాగితాలు ఎంత ముందు చేయించుకుంటే అంత మంచిది, కొన్నింటిని ముందే తీసుకుంటే గడువు అయిపోయి మళ్లీ తీసుకోవాల్సి వస్తుంది. ఈ వరుస తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఏడాది ముందు మొదలుపెడితే నిదానంగా చేసుకోవచ్చు. ఆరు నెలలుంటే కాస్త ఉరుకులు పరుగులే.

1. మీ పాస్‌పోర్టు ఎక్కడ చెల్లుతుందో చూసుకోండి

వినడానికి చేదుగా ఉన్నా, ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ టీచర్ వీసా ఇచ్చేటప్పుడు చాలా దేశాలు మీ ఇంగ్లిష్ కన్నా ముందు మీ పాస్‌పోర్టు మీద ఏ దేశం పేరుందో చూస్తాయి. దక్షిణ కొరియా ఈ-2 వీసా అలాంటిదే. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ 7 దేశాల పౌరులకే అది మామూలుగా దొరుకుతుంది. భారత్‌తో కుదిరిన ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చాక భారత పౌరులకూ ఒక సన్నని దారి ఏర్పడింది. కాకపోతే డిగ్రీతో పాటు ఇంగ్లిష్ టీచర్‌గా అర్హత పత్రం ఉండాలి, దొరికేది కూడా స్కూల్లో సహాయ టీచర్ పోస్టే.

చైనాలో భాష నేర్పే విదేశీయులు తమ మాతృభాషనే నేర్పాలన్నది సూత్రప్రాయమైన నియమం. అందుకే ఇంగ్లిష్ మాతృభాషగా లేని దేశాలవాళ్లు అక్కడ ఇంగ్లిష్ మాధ్యమంలో లెక్కలో, సైన్సో చెప్పే పోస్టుల వైపు చూస్తుంటారు. జపాన్ లెక్క వేరు. అక్కడ స్కూళ్లలో పనిచేయడానికి ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ హోదా కావాలంటే మీరు కనీసం 12 ఏళ్లు ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్టు చూపించాలి. కాబట్టి ఒకటో తరగతి నుంచి ఏ మాధ్యమంలో చదివారో రాసిచ్చే స్కూలు లెటర్లు అక్కడ బంగారమే. థాయిలాండ్, వియత్నాం కొంత సులువు, కానీ ఇంగ్లిష్ పరీక్ష స్కోరు అదనంగా అడుగుతారు, జీతం కూడా కాస్త తక్కువ ఇవ్వజూపుతారు. గల్ఫ్‌లో బీఈడీ, టీచింగ్ లైసెన్సు, అనుభవం, వీటికే విలువ ఎక్కువ. యూరప్‌లో యూరోపియన్ యూనియన్ పౌరులను దాటి బయటివాళ్లకు వర్క్ పర్మిట్ ఇప్పించే ఓపిక చిన్న భాషా కేంద్రాలకు ఉండదు.

మాతృభాష పేరుతో ఇలా వేరు చేయడం తప్పని ఇంగ్లిష్ టీచర్ల అంతర్జాతీయ సంఘం టెసోల్ 2006లోనే ఒక ప్రకటన చేసింది. స్కూళ్లలో కొంత మార్పు వచ్చింది. ఇమిగ్రేషన్ కౌంటర్లలో అంతగా రాలేదు. కాబట్టి న్యాయాన్యాయాల సంగతి తర్వాత చూసుకుందాం, ముందు మీకు చట్టబద్ధంగా వీసా వచ్చే దేశాలు రెండో మూడో తేల్చుకోండి. సమాచారం ఆ దేశపు ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లోనో, ఎంబసీ పేజీలోనో చూడండి. 'ఆ రూల్ పేరుకే ఉంది, మేం చూసుకుంటాం' అనే ఏజెంటు మాట మీద ఒక్క అడుగు కూడా వేయొద్దు. రేపు తనిఖీలో దొరికితే దేశం నుంచి పంపించేది మిమ్మల్ని, ఏజెంటును కాదు.

దేశం తేలాక అక్కడ స్కూళ్లు ఎప్పుడు తెరుస్తారో చూసి, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. కొరియాలో మార్చి, జపాన్‌లో ఏప్రిల్, థాయిలాండ్‌లో మే, చైనా, వియత్నాంలలో సెప్టెంబరు. గల్ఫ్‌లో చాలా అంతర్జాతీయ స్కూళ్లు ఆగస్టు చివర్లో మొదలవుతాయి. 1987 నుంచి నడుస్తున్న జపాన్ ప్రభుత్వ పథకం జెట్‌కు వెళ్లేవాళ్లు చాలావరకు జులై, ఆగస్టుల్లో విమానం ఎక్కుతారు. దానికి దరఖాస్తు మాత్రం అంతకుముందు ఏడాది చివర్లోనే పెట్టాలి. ప్రైవేటు భాషా కేంద్రాలు ఏడాది పొడవునా తీసుకుంటూనే ఉంటాయి.

2. సర్టిఫికెట్లు, వాటి మీద పేర్లు

ఇప్పుడు పెట్టెలోంచి డిగ్రీ, మార్కుల జాబితాలు, పాస్‌పోర్టు తీసి పక్కపక్కన పెట్టండి. పేరు ప్రతి దాంట్లో ఒకేలా ఉందా? మనవాళ్లకు ఎక్కువగా దెబ్బపడేది ఇక్కడే. డిగ్రీ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. పెళ్లయ్యాక మారిన పేరు ఒక్క పాస్‌పోర్టులోనే ఉంటుంది. మన కళ్లకు అది ఒకే మనిషి పేరు. ఇంటిపేరంటే ఏమిటో, ఎందుకు పొడి అక్షరమైందో తెలియని ఒక అధికారికి అవి రెండు పేర్లు. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి పెట్టుకోండి. వీలైతే సర్టిఫికెట్‌లోనో పాస్‌పోర్టులోనో సరిచేయించుకోవడం ఇంకా మంచిది. అఫిడవిట్‌ను అన్ని దేశాలూ ఒప్పుకోవు. పాస్‌పోర్టు గడువు కూడా చూడండి. ఏడాది కాంట్రాక్టుకు వెళ్తూ ఎనిమిది నెలల్లో ముగిసే పాస్‌పోర్టు పట్టుకెళ్తే అక్కడ రెసిడెన్స్ పర్మిట్ దగ్గర ఇరుక్కుంటారు.

తర్వాత డిగ్రీని ధ్రువీకరించడం. ఇందులో రెండు దారులున్నాయి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య అపోస్టిల్ అనే ఒక్క ముద్ర సరిపోతుంది. మీ దేశంలో అందుకు అధికారం ఉన్న కార్యాలయం దాన్ని వేస్తే అవతలి దేశం ఒప్పుకుంటుంది. జపాన్, కొరియా ఎప్పటినుంచో ఇందులో ఉన్నాయి, సౌదీ అరేబియా 2022 డిసెంబరులో చేరింది. రెండోది అటెస్టేషన్. రాష్ట్రస్థాయి అధికారి, ఆపైన విదేశాంగ శాఖ, ఆపైన మీరు వెళ్లే దేశపు ఎంబసీ, ఇలా వరసగా ముద్రలు పడాలి. కొన్నిచోట్ల దిగాక అక్కడి విదేశాంగ శాఖ ముద్ర కూడా కావాలి. దీనికి వారాలు పడుతుంది. ఒక మెలిక కూడా ఉంది. రెండు దేశాలూ ఒప్పందంలో ఉన్నా, ఒక దేశం చేరికకు ఇంకో దేశం అభ్యంతరం చెప్పి ఉంటే ఆ రెండింటి మధ్య అపోస్టిల్ పనిచేయదు. కాబట్టి ఆ దేశం సభ్యురాలా అని కాకుండా, మీ దేశం అపోస్టిల్ అక్కడ చెల్లుతుందా అని అడగండి.

ఇంకొక్క మాట. సర్టిఫికెట్లు భద్రంగా ఉండాలని లామినేషన్ చేయించకండి. ముద్ర డిగ్రీ వెనక వేయాలంటే ప్లాస్టిక్ మీద పడదు, ప్లాస్టిక్ పీకితే అక్షరాలూ దాంతోపాటే లేచొస్తాయి. చాలా కార్యాలయాలు లామినేట్ చేసిన డిగ్రీని తిప్పి పంపేస్తాయి. ఇప్పటికే చేయించి ఉంటే, బలవంతంగా తీయకుండా యూనివర్సిటీలో డూప్లికేట్‌కు అప్లై చేయండి.

పోలీస్ క్లియరెన్స్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. చాలా దేశాలు 6 నెలల లోపు తీసుకున్నదే ఒప్పుకుంటాయి. అది ఏడో పనిలో వస్తుంది. కాకపోతే మీరు ఇప్పటికే వేరే దేశంలో కొంతకాలం ఉండి ఉంటే, అక్కడి పోలీసుల నుంచి కూడా పత్రం అడగొచ్చు. దూరం నుంచి దాన్ని ఎలా తెప్పించుకోవాలో మాత్రం ఇప్పుడే కనుక్కోండి.

3. టీచింగ్ సర్టిఫికెట్: ఏది తీసుకోవాలి

ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫ్‌ల్ కోర్సులు, అంటే ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా ఎలా నేర్పాలో చెప్పేవి, వందల్లో కనిపిస్తాయి. ఆ 120 అన్న అంకె ఊరికే రాలేదు, చాలాచోట్ల వీసాకో ఉద్యోగానికో అడిగే కనీస గంటలవి. ఆ కోర్సులకు 'గుర్తింపు' ఇచ్చే సంస్థలను మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు. కోర్సు అమ్మేవాళ్లే పక్కన ఇంకో పేరుతో ఒక గుర్తింపు సంస్థ నడపడానికి అడ్డేమీ లేదు. అందుకని వెబ్‌సైట్ మీద లోగోలు చూసి మోసపోవద్దు.

వీటికి పైమెట్టులో ఉండేవి రెండు. ఒకటి కేంబ్రిడ్జ్ ఇచ్చే సెల్టా. ఇందులో కనీసం 120 గంటల శిక్షణ, అందులో భాగంగా నిజమైన విద్యార్థుల ముందు 6 గంటలు పాఠం చెప్పడం, వెనక ట్రైనర్ కూర్చుని రాసుకోవడం ఉంటాయి. రెండోది ట్రినిటీ కాలేజీ లండన్ ఇచ్చే సెర్ట్‌టెసోల్, ఇందులోనూ 6 గంటల టీచింగ్ ఉంటుంది. రెండూ బ్రిటన్ అర్హతల చట్రంలో 5వ స్థాయివి. బ్రిటిష్ కౌన్సిల్ లాంటి చోట ఉద్యోగం కావాలంటే ఈ రెండింటిలో ఒకటో, అదే స్థాయిదో ఉండాలి.

నా సలహా సూటిగా చెప్పేస్తాను. ఒక ఏడాది వెళ్లి చూసొద్దామనుకుంటే, మీరు ఎంచుకున్న దేశం ఆన్‌లైన్ కోర్సును ఒప్పుకుంటే, దానితో సరిపెట్టుకోండి. ఇదే నా వృత్తి అనుకుంటే సెల్టానో ట్రినిటీయో చేయండి. ఆన్‌లైన్ కోర్సులో మీ పాఠం చూసి తప్పు చెప్పేవాళ్లు ఉండరు, ఈ రెండింటిలో వారంలో చాలాసార్లు చెప్తారు. అయితే పూర్తికాలం సెల్టా నాలుగైదు వారాలు నిద్రపోనివ్వదు. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు లాగించేద్దామనుకోకండి, దానికి పార్ట్‌టైమ్ కోర్సు వేరే ఉంది. బీఈడీ ఉన్నవాళ్లు అంతర్జాతీయ స్కూళ్ల వైపు చూడటం మంచిది, జీతాలు అక్కడే బాగుంటాయి.

ఐఈఎల్‌టీఎస్ రాయాల్సి వస్తే తొందరపడొద్దు, స్కోరు చెల్లేది 2 ఏళ్లే.

4. వెళ్లకముందే పాఠం చెప్పడం మొదలుపెట్టండి

ఇంగ్లిష్ వచ్చినవాళ్లంతా ఇంగ్లిష్ చెప్పలేరు. ఇది అందరూ తలూపే మాటే, నిజంగా అర్థమయ్యేది బోర్డు ముందు నిలబడ్డాకే. 'హీ యూస్డ్ టు స్మోక్' అన్న వాక్యం చెప్పి 'అర్థమైందా?' అని అడిగితే క్లాసంతా అర్థమైందనే అంటుంది. అర్థం కానివాడు కూడా అంటాడు, ఎందుకంటే లేదంటే మళ్లీ వాడినే లేపుతారని భయం. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతో మీకు తెలిసేది శూన్యం. దాని బదులు ఇంగ్లిష్‌లోనే చిన్నచిన్నవి మూడు అడగాలి. ఇంతకుముందు సిగరెట్ తాగేవాడా? ఒక్కసారేనా, చాలాసార్లా? ఇప్పుడు తాగుతున్నాడా? మూడో ప్రశ్నకు ఎవరైనా 'అవును' అన్నారంటే, 'యూస్డ్ టు'ను 'అలవాటుపడ్డాడు' అన్న అర్థంలో తీసుకున్నారని అక్కడికక్కడే తెలిసిపోతుంది. బోర్డు మీద ఒక గీత గీసి, గతం వైపు వరుసగా నాలుగు గుర్తులు పెట్టి, 'ఇప్పుడు' అన్నచోట ఖాళీ వదిలేస్తే ఇంకా తేలిక. ఈ ప్రశ్నలు క్లాసులో అప్పటికప్పుడు తట్టవు. పాఠం రాసుకునేటప్పుడే రాసుకోవాలి.

పని అప్పజెప్పేటప్పుడూ ఇంతే. ఇద్దరిద్దరు కలిసి మూడు నిమిషాలు మాట్లాడుకోండి, రాయొద్దు అని చెప్పాక, 'రాయాలా, మాట్లాడాలా?' అని ఒకరిని తిరిగి అడగండి. కాగితాలు ఈ ప్రశ్న తర్వాతే పంచండి. ముందు పంచితే మీ మాట ఎవరూ వినరు, తలలన్నీ కాగితంలోకి వెళ్లిపోతాయి.

మీరు నేర్పబోయేవాళ్ల భాష గురించి కూడా నాలుగు ముక్కలు తెలుసుకోండి. జపాన్‌వాళ్లకు 'ల', 'ర' మధ్య తేడా కష్టం. అరబ్బీలో 'ప' శబ్దం లేదు, కాబట్టి 'పార్క్' వచ్చి 'బార్క్' అవుతుంది. కొరియావాళ్లు ఇంగ్లిష్ 'ఎఫ్'ను 'ప'గా పలుకుతారు. స్పానిష్‌వాళ్లు 'స్కూల్' ముందు ఒక 'ఎ' చేరుస్తారు. చైనీస్‌లో క్రియ కాలాన్ని బట్టి మారదు, అందుకని 'నిన్న వెళ్లాను' అనాల్సినచోట వర్తమాన క్రియే పలుకుతుంది. తెలుగులాగే చైనీస్, జపనీస్, కొరియన్ భాషల్లోనూ 'ఎ', 'ది' లాంటివి లేవు. వాటిని పుట్టుకతో పట్టేసినవాళ్ల కంటే, కష్టపడి నేర్చుకున్న మీరు బాగా వివరించగలరు. ఇంటర్వ్యూలో మాతృభాష సంగతి వచ్చినప్పుడు సంజాయిషీ ఇచ్చుకోకుండా ఈ మాట చెప్పండి.

పాఠం ఎక్కడ చెప్పాలి అంటారా? పక్కింటి పిల్లలైనా, స్వచ్ఛంద సంస్థ సాయంకాలం బడి అయినా, ఆన్‌లైన్‌లో ఒకరిద్దరైనా చాలు. ఫోన్‌లో రికార్డు చేసి, పాఠంలో ఎంతసేపు మీరు మాట్లాడారో, ఎంతసేపు వాళ్లు మాట్లాడారో చూడండి. మొదటిసారి చూసుకున్నప్పుడు ఎవరికైనా కాస్త సిగ్గుగానే ఉంటుంది. యాస మార్చుకోవాల్సిన పని లేదు. అమెరికన్‌లా పలకబోయి సగంలో దొరికిపోవడం కంటే, నిదానంగా, పదంలో ఒత్తు పడాల్సినచోట పడేలా మాట్లాడటమే మేలు.

5. ఉద్యోగం వెతకడం, ఇంటర్వ్యూ

ప్రభుత్వ పథకాలు, స్కూలుకు నేరుగా అప్లై చేయడం, రిక్రూటర్లు. దారులు ఈ మూడే. రిక్రూటర్‌కు డబ్బిచ్చేది స్కూలు. టీచర్‌ను డబ్బు అడిగినవాడి దగ్గర నుంచి అక్కడే లేచి వచ్చేయండి. వీడియోలో ముఖం చూపించకుండా చాటింగ్‌లోనే ఉద్యోగం ఇచ్చేవాళ్లు, ఊరి సగటు జీతానికి రెండింతలు ఇస్తామనేవాళ్లు, స్కూలు పేరు చెప్పకముందే పాస్‌పోర్టు స్కాన్ అడిగేవాళ్లు, అందరూ అదే బాపతు.

ఇంటర్వ్యూలో ఐదు పది నిమిషాల డెమో అడుగుతారు. ఏం చెప్పినా ఫర్వాలేదు, ఒక్క అంశమే చెప్పండి, అవతల కూర్చున్నవాళ్లనే పిల్లలనుకుని వాళ్లతో మాట్లాడించండి. స్లైడ్లు చూపిస్తూ ఉపన్యాసం ఇచ్చేవాళ్లే ఎక్కువగా ఫెయిలవుతారు.

మీరు అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటే: ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న విదేశీ టీచర్‌తో మాట్లాడవచ్చా? మంచి స్కూలు వెంటనే నంబరు ఇస్తుంది. నసిగితే అర్థం చేసుకోండి. ఆ టీచర్‌ను జీతం తేదీకి పడుతోందా, ఇంతకుముందున్న టీచర్ ఎందుకు వెళ్లిపోయారు అని అడగండి. 'స్కూలు ఎలా ఉంది' అని అడిగితే 'బాగుంది' అంటారు, అంతటితో అయిపోతుంది.

6. కాంట్రాక్టు: ఒక్కో లైను చదవాల్సిన చోటు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే గొడవలన్నీ ఈ కాగితంలోనే పుడతాయి.

మొదట గంటలు. 'వారానికి 22 టీచింగ్ అవర్స్' అని, 'వారానికి 40 వర్కింగ్ అవర్స్' అని విడివిడిగా రాశారా చూడండి. కొరియా ప్రభుత్వ స్కూళ్ల పథకం ఎపిక్‌లో పాఠాలు వారానికి 22 గంటలు, మిగతా సమయం స్కూల్లోనే ఉండి తయారవ్వాలి. ప్రైవేటు కేంద్రాల్లో ఒక పాఠం 40 నిమిషాలా, 60 నిమిషాలా అన్నది కూడా తేల్చుకోవాలి. 30 పాఠాలంటే ఒకచోట 20 గంటలు, ఇంకోచోట 30 గంటలు. పొద్దున రెండు క్లాసులు, రాత్రి మూడు క్లాసులు ఇచ్చి మధ్యలో ఆరు గంటలు ఖాళీ ఉంచేవాళ్లుంటారు. గంటలు తక్కువే, రోజంతా పోయినట్టే. టైమ్‌టేబుల్ నమూనా ఒకటి పంపమని అడగండి.

తర్వాత డబ్బు. జీతంలో పన్ను, బీమా, పెన్షన్ పోగా చేతికి ఎంతొస్తుంది? ఇల్లు వాళ్లిస్తారా, అద్దె అలవెన్సు ఇస్తారా? అలవెన్సు అయితే ఆ ఊళ్లో ఆ డబ్బుకు ఇల్లు దొరుకుతుందా? విమాన టికెట్ ముందే కొనిస్తారా, ఏడాది పూర్తయ్యాక తిరిగిస్తారా? చాలామంది ఈ రెండోదాన్ని మొదటిదిగా చదువుకుంటారు. స్కూలు సెలవుల్లో జీతం ఉందా? కొరియాలో ఏడాది పూర్తి చేస్తే చట్టప్రకారం సుమారు ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి, గల్ఫ్ దేశాల్లోనూ సర్వీసు చివర ఇచ్చే గ్రాట్యుటీ ఉంది. కాంట్రాక్టు 11 నెలలకు రాసి ఉంటే అది ఎందుకో మీరే ఊహించుకోండి.

మూడోది, విడిపోయే షరతులు. నోటీసు ఎన్ని రోజులు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, స్కూలు తీసేస్తే మీకేమొస్తుంది? ఈ జరిమానా రెండు వైపులా ఉండాలి. ఇంకో స్కూలుకు మారాలంటే పాత స్కూలు రిలీజ్ లెటర్ కావాలా అన్నదీ చూడండి. కొరియాలో కాంట్రాక్టు మధ్యలో మారాలంటే అది అడుగుతారు, ఇవ్వకపోతే దేశం వదిలి మళ్లీ మొదటినుంచీ రావాల్సి వస్తుంది.

కాంట్రాక్టు రెండు భాషల్లో ఉంటే, తేడా వచ్చినప్పుడు ఏ భాషలోది చెల్లుతుందో చివరి పేజీలో రాసి ఉంటుంది. చాలాసార్లు అది స్థానిక భాషే. ఆ భాష వచ్చినవాళ్లతో ఒకసారి చదివించుకోండి. వీసా మీద యజమానిగా ఉన్న పేరు, కాంట్రాక్టు మీద ఉన్న పేరు ఒకటేనా? మీ పర్మిట్‌లో లేనిచోట పాఠం చెప్పమని పంపుతారా? చైనాలో, కొరియాలో అది చట్టవిరుద్ధం, అనుమతి లేకుండా ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పడమూ అంతే. పాస్‌పోర్టు స్కూలు దగ్గర ఉంచాలన్న షరతుంటే సంతకం పెట్టకండి. నోటిమాటగా ఒప్పుకున్నవన్నీ ఈమెయిల్‌లో రాయించుకోండి. 'మనం మనం ఒకటి' అనే మాటకు లేబర్ ఆఫీసులో విలువ లేదు.

7. వీసా

ఇప్పుడు పోలీస్ క్లియరెన్స్ తీసుకోండి, దానికీ అపోస్టిల్‌నో అటెస్టేషన్‌నో వెంటనే మొదలుపెట్టండి. మెడికల్ ఎప్పుడు, ఎక్కడ చేయించుకోవాలో స్కూలును అడగండి. కొన్ని దేశాలు తాము చెప్పిన ఆసుపత్రి రిపోర్టే తీసుకుంటాయి, కొన్ని దిగాక మళ్లీ చేయిస్తాయి.

చాలాచోట్ల ముందు కదలాల్సింది స్కూలే. జపాన్‌లో స్కూలే ఇమిగ్రేషన్ నుంచి మీ పేరిట అర్హత ధ్రువపత్రం తెప్పించి పంపితే దాంతో మీరు ఎంబసీకి వెళ్తారు. చైనాలో వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ వచ్చాకే ఉద్యోగానికిచ్చే జడ్ వీసా. ఆ వీసాతో దిగిన 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు అప్లై చేయాలి. కాబట్టి 'టూరిస్టు వీసా మీద వచ్చేయండి, ఇక్కడికొచ్చాక మారుద్దాం' అన్నారంటే తమ వంతు పని వాళ్లు చేయలేదని అర్థం. వచ్చాక మార్చుకోవడాన్ని చట్టం ఒప్పుకునే దేశాలు కొన్ని ఉన్నాయి. అక్కడ కూడా పర్మిట్ రాకముందు క్లాసులోకి వెళ్లడం నేరమే. వీసా చేతికి రాకముందు ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయొద్దు, టికెట్ కొనొద్దు.

8. మొదటి జీతం వచ్చేదాకా

నెలాఖరున చేరితే, ఆ పైనెల పనికి జీతం దాని తర్వాతి నెలలో ఇచ్చే పద్ధతి జపాన్‌లో, ఇంకా చాలాచోట్ల ఉంది. అంటే దిగిన ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా చేతిలో పైసా పడకపోవచ్చు. ఈలోపు ఇల్లు. జపాన్‌లో సొంతంగా ఇల్లు తీసుకుంటే డిపాజిట్, యజమానికి తిరిగిరాని కానుక సొమ్ము, ఏజెంటు ఫీజు, మొదటి నెల అద్దె, అన్నీ కలిపి కొన్ని నెలల అద్దెంత ఒకేసారి కట్టాలి. ఇల్లు స్కూలు ఇచ్చినా రెండు నెలల ఖర్చు, ఇవ్వకపోతే నాలుగు నెలల ఖర్చు వెంట ఉండాలి. తిరుగు టికెట్ డబ్బు ఇందులో కలపకండి, దాన్ని ముట్టుకోని ఖాతాలో పెట్టండి. స్కూలు నచ్చకపోతే బయటపడటానికి ధైర్యమిచ్చేది ఆ డబ్బే. ఇంట్లో కట్టాల్సిన వాయిదాలుంటే, మూడు నెలలవి ముందే ఖాతాలో ఉంచి వెళ్లండి.

9. మందులు, సామాను

సామాను గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతి సంచిలో, వాటి స్కాన్లు ఆన్‌లైన్‌లో. క్లాసుకు వేసుకునే మంచి బట్టలు నాలుగు జతలు. మీ కుటుంబం, వీధి, పండగ ఫొటోలు కొన్ని అచ్చు వేయించుకోండి. మొదటి క్లాసులో వాటిని చూపించి మూడు నిజాలు, ఒక అబద్ధం చెప్పి అబద్ధమేదో కనిపెట్టమంటే, నోరు విప్పని పిల్లలు కూడా ప్రశ్నలు అడుగుతారు.

మందుల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ ఊళ్లో చీటీ లేకుండా దొరికేది అక్కడ నిషేధంలో ఉండొచ్చు. సూడోఎఫెడ్రిన్ మోతాదు ఎక్కువున్న జలుబు మందులను జపాన్ రానివ్వదు, యాంఫెటమిన్ ఉన్న మందులు డాక్టర్ చీటీ ఉన్నా కుదరవు. డాక్టర్ రాసిన మామూలు మందులు కూడా ఒక నెలకు మించి తీసుకెళ్లాలంటే ముందే అనుమతి పత్రం కావాలి. యూఏఈలో కోడీన్, ట్రమడాల్ నియంత్రణలో ఉన్నాయి. మీ మందుల్లో ఏ రసాయనం ఉందో బ్రాండు పేరుతో కాకుండా అసలు పేరుతో డాక్టర్ దగ్గర ఇంగ్లిష్‌లో రాయించుకుని, ఆ దేశపు జాబితాలో చూసుకోండి.

10. దిగాక

మొదటి పని రిజిస్ట్రేషన్. చైనాలో హోటల్‌లో కాకుండా ఇంట్లో దిగితే 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. కొరియాలో 90 రోజుల్లో విదేశీయుల కార్డుకు అప్లై చేయాలి, బ్యాంకు, ఫోను పనులు చాలావరకు ఆ కార్డుతోనే ముడిపడి ఉంటాయి. ఇంట్లో దిగిన రోజే గోడలు, గీజరు, మీటర్లు ఫొటోలు తీసి స్కూలుకు మెయిల్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గొడవ రాదు.

క్లాసులో మొదటివారం నిశ్శబ్దం ఎదురైతే కంగారుపడొద్దు. తప్పు మాట్లాడటం కంటే మాట్లాడకపోవడమే మర్యాద అనుకునే పిల్లలుంటారు. ప్రశ్న వేశాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి, ఆ తర్వాత కూడా జవాబు రాకపోతే పక్కవాళ్లతో చర్చించుకోమని చెప్పి మళ్లీ అడగండి. మొదటి జీతం స్లిప్‌ను కాంట్రాక్టు పక్కన పెట్టి, పన్ను, పెన్షన్ కోతలు సరిపోయాయో చూసి, తేడా ఉంటే ఆ నెలలోనే అడగండి.

తిరిగి వచ్చేటప్పుడో, ఇంకో దేశానికి మారేటప్పుడో మాత్రం విమానం ఎక్కకముందే నాలుగు కాగితాలు చేతికి తీసుకోవాలి: తేదీలతో అనుభవ పత్రం, రిలీజ్ లెటర్, పన్ను కట్టిన రసీదులు, ఆ దేశపు పోలీస్ క్లియరెన్స్. అనుభవ పత్రానికి అటెస్టేషన్ కూడా అక్కడే చేయించండి. తర్వాతి వీసాకు అనుభవం చూపించమన్నప్పుడు, మూతపడిన స్కూలునో, ఫోన్ ఎత్తని మేనేజర్‌నో వెంటపడి సంతకం తెచ్చుకోవడం చాలా కష్టం.